వెయ్యి కాపీలా, వందేసి కాపీలా, యాపా? చిన్న తెలుగు ప్రచురణ సంస్థ ముందు ఏది మార్చుకోవాలి

హైదరాబాద్‌లో తెలుగు పుస్తకాలు వేసే చిన్న సంస్థల్లో ఇప్పుడు ఎక్కడికెళ్లినా ఇదే చర్చ. కొన్నిచోట్ల పెద్దాయన ముప్ఫై ఏళ్లు నడిపిన సంస్థ పిల్లల చేతికొస్తోంది. కొన్నిచోట్ల నలుగురు మిత్రులు కలిసి కొత్తగా పెడుతున్నారు. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి ఒకేసారి ఎక్కువ కాపీలు వేసే పద్ధతి) వెయ్యి వేయాలా, డిజిటల్‌లో (ఫైలు నుంచి నేరుగా కొద్ది కాపీలు వేసే పద్ధతి) వందేసి వేసుకోవాలా, ఈబుక్ తేవాలా, ఆడియోకి ఇవ్వాలా, ఏఐని ఎంతవరకు రానివ్వాలి అని తల పట్టుకుంటున్నారు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి దేన్నీ ఒడ్డెక్కించని వాళ్లున్నారు, ఏదీ ముట్టుకోకుండా కాలం గడిపేవాళ్లూ ఉన్నారు. ఏడాదికి అయిదు నుంచి ఇరవై పుస్తకాలు వేసే సంస్థను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పాఠ్యపుస్తకాలు వేసే పెద్దవాళ్ల లెక్కలు వేరు.

నా వరస ముందే చెప్పేస్తాను. మొదట పాత ఫైళ్లు బాగుచేయించండి. తర్వాత చిన్న ముద్రణలకు మారండి. ఆ తర్వాత ఏరిన కొన్ని పుస్తకాలకు ఆడియో. ఈబుక్ చివర్న. మామూలుగా అందరూ ఈబుక్‌తో మొదలుపెట్టి, ఫైళ్ల దగ్గర ఇరుక్కుని, ఆర్నెల్లకు వదిలేస్తారు.

వెయ్యా, వందా

ముందు డబ్బు సంగతి. 160 పేజీల డెమ్మీ సైజు పుస్తకం, అంటే పదహారేసి పేజీల ఫారాలు పది. వెల 200 రూపాయలు అనుకుందాం. షాపుకు 40 శాతం కమిషన్ పోతే మీకు మిగిలేది 120. ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేస్తే కాపీకి 60 పడిందనీ, డిజిటల్ ప్రెస్‌లో వంద వేస్తే కాపీకి 95 పడిందనీ ఉదాహరణకు తీసుకుందాం. కాగితం ధర నెలనెలా మారుతుంది కాబట్టి మీ కొటేషన్లు మీరు తెచ్చుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

వెయ్యీ అమ్ముడైతే ఆఫ్‌సెట్‌లో 60,000 మిగులుతుంది, డిజిటల్‌లో 25,000. ఇది చూసే అందరూ వెయ్యి వేస్తారు. కానీ 400 కాపీలే పోయాయనుకోండి. ఆఫ్‌సెట్‌లో వచ్చింది 48,000, పెట్టింది 60,000. పన్నెండు వేలు చేతి నుంచి పోయి, 600 కాపీలు అటక మీద ఉంటాయి. అదే డిజిటల్‌లో నాలుగు విడతలు వేసుకుంటే 10,000 మిగులుతుంది, అటక ఖాళీగా ఉంటుంది. ఈ అంకెలతో రెండు లెక్కలూ దాదాపు 630 కాపీల దగ్గర కలుస్తాయి. అంతకంటే ఎక్కువ పోతాయన్న నమ్మకం ఉంటే ఆఫ్‌సెట్, లేకపోతే డిజిటల్. రచయిత రాయల్టీ, డీటీపీ (కంప్యూటరులో పేజీలు కట్టడం), ప్రూఫులు, ముఖచిత్రం ఖర్చు రెండింటికీ ఉండేవే కాబట్టి కలపలేదు. గోదాం అద్దె, చెదలు, ఇల్లు మారినప్పుడు ఆటో ట్రాలీ ఖర్చు కూడా కలపలేదు. కలిపితే ఆ 630 గీత ఇంకా పైకి జరుగుతుంది.

నమ్మకం అన్నాను కదా, దాన్ని కూడా నిక్కచ్చిగా చూసుకోవాలి. గ్రంథాలయాల కొనుగోలు వస్తుందని వెయ్యి వేయడం మనవాళ్లకు పాత అలవాటు. ఆర్డరు కాగితం చేతిలో ఉంటే వేయండి, ‘ఈసారి తప్పకుండా ఉంటుందట’ అన్న మాట మీద వేయకండి. ఆవిష్కరణ సభలో పోయే కాపీలు, డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలో మీ స్టాల్‌లో పోయేవి, కాచిగూడ నవోదయ లాంటి షాపులు నిరుడు మీకు డబ్బు కట్టిన కాపీలు, ఈ మూడూ కూడండి. షాపుకు పంపినవి కాదు, డబ్బు వచ్చినవి. కవిత్వానికి, సాహిత్య విమర్శకు ఆ మొత్తం చాలాసార్లు 300 దాటదు. పేరున్న నవలా రచయితకు, ఆరోగ్యం మీద రాసే డాక్టరుకు, ఆధ్యాత్మిక పుస్తకానికి వెయ్యి తేలిగ్గా దాటొచ్చు. పోటీ పరీక్షల పుస్తకాలైతే ఇంకో తమాషా. అవి బాగా పోతాయి కానీ సిలబస్ మారితే రాత్రికి రాత్రి చిత్తుకాగితాలైపోతాయి. పైగా అశోక్‌నగర్ జిరాక్స్ షాపులు మీకంటే వేగంగా ముద్రిస్తాయి.

డిజిటల్ ముద్రణలో చూసుకోవాల్సింది ఒకటుంది. కాపీ చేతికి రాగానే ముఖచిత్రం చూసి మురిసిపోకుండా, సరిగ్గా మధ్య పేజీలో తెరిచి బల్ల మీద అదిమిపట్టండి. గమ్ము బైండింగ్ నాసిరకమైతే వీపు అక్కడే విరుగుతుంది, రెండు కాగితాలు ఊడి వస్తాయి. తర్వాత చిన్న అక్షరాల్లో వేసిన ఫుట్‌నోట్ చూడండి. తెలుగు వత్తులు టోనరులో పూడుకుపోతే ‘క్ష’కూ ‘క్క’కూ తేడా తెలియదు. ఈ రెండూ బాగుంటే ఆ ప్రెస్సు మంచిదే. చిక్కడపల్లి, లక్డీకాపూల్, ఆజమాబాద్ వైపు తిరిగితే రెండు రకాల ప్రెస్సులూ దొరుకుతాయి. ఒకే ఫైలు ఇద్దరి దగ్గరా పది కాపీలు వేయించి పోల్చుకోండి.

అసలు ఆస్తి అనూ ఫైళ్లలో ఉంది

చిన్న ముద్రణకు వెళ్లాలన్నా, ఆడియోకి స్క్రిప్టు ఇవ్వాలన్నా, ఈబుక్ చేయాలన్నా మొదట కావాల్సింది సరైన ఫైలు. మన సంస్థల్లో చాలావరకు పాత పుస్తకాలు అనూ అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. తెర మీద చూస్తే చక్కటి తెలుగు. కంప్యూటరుకు మాత్రం అది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన బొమ్మ. అందులో వెతకలేం, ఫోన్లో చదవలేం, ఇంకో ఫాంటులోకి మార్చలేం. పేజ్‌మేకర్‌ను ఆడోబీ ఎప్పుడో వదిలేసింది. ఆ పాత కంప్యూటరు చెడిపోయిన రోజు, ఆ ఫైళ్లను తెరవగలిగే మనిషీ మిషనూ వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది.

ఏ కంప్యూటరైనా, ఫోనైనా గుర్తుపట్టేలా ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. తెలుగు 1991లోనే దాని మొదటి వెర్షన్‌లో ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. ముద్రణకు పనికొచ్చే యూనికోడ్ ఫాంటు లేదన్న మాట ఇప్పుడు నిలవదు. నిజమైన అడ్డంకి మార్పిడి పని.

అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయి. నిమిషంలో పుస్తకం మొత్తం మార్చేస్తాయి. అక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. మార్చిన ఫైలును దగ్గరగా చూడండి. పేజ్‌మేకర్‌లో పంక్తి చివర చేత్తో పెట్టిన అడ్డగీతలన్నీ ఇప్పుడు వాక్యం మధ్యలోకి వచ్చేస్తాయి: ‘పుస్త-కం’, ‘వెళ్లి-పోయాడు’. ‘హైదరాబాద్‌లో’ అన్నది ‘హైదరాబాద్లో’ అయి దకారం కింద లకారం వేలాడుతుంది. కొటేషన్ గుర్తుల చోట ఏవో గీతలు వస్తాయి. అరసున్నలు, బండి ‘ఱ’లు మాయమవుతాయి. పద్యం పాదాలు కలిసిపోయి వచనం అవుతాయి. వీటిలో సగం వెతికి మార్చే ఆదేశాలతో పోతాయి, మిగతా సగానికి మనిషి కన్ను కావాలి.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. మార్పిడి చేసి ప్రూఫ్ చూడటం, అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలు రాబట్టడం, మొత్తం మళ్లీ టైపు చేయించడం. అనూ ఫైలు ఉంటే మొదటిదే చౌక. ఫైలు లేక పుస్తకమే మిగిలి, అచ్చు శుభ్రంగా ఉంటే ఓసీఆర్. తెలుగు ఓసీఆర్ గత కొన్నేళ్లలో బాగా మెరుగుపడింది, ఇది ఏఐ వల్ల మనకు నిజంగా ఒరిగిన మేలు. కాలం చెల్లిన లెటర్‌ప్రెస్ అచ్చు, సిరా చెదిరిన పేజీలు, పద్యాలు, పట్టికలు అయితే మళ్లీ టైపు చేయించడమే నయం. ఓసీఆర్ తప్పులు దిద్దే కూలి టైపింగ్ కూలిని మించిపోతుంది.

అన్ని పుస్తకాలూ ఒకేసారి పెట్టుకోకండి. గత మూడేళ్లలో ‘ఆ పుస్తకం దొరుకుతుందా?’ అని ఫోన్లు వచ్చినవాటి పేర్లు రాయండి. కౌంటరులో కూర్చునే మనిషికి అవి నోటికి వస్తాయి. ఆ పదో పదిహేనో చాలు. పని అయ్యాక ఒక్కో పుస్తకానికి ముద్రణ ఫైలు, యూనికోడ్ వచనం, ముఖచిత్రం అసలు బొమ్మ, ఒప్పందం స్కాన్, ఐఎస్‌బీఎన్ నంబరు (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి రెండు చోట్ల దాచండి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామమోహన్‌రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది. దానికి డబ్బు తీసుకునే దళారి దగ్గరకు వెళ్లక్కర్లేదు.

ఈబుక్ ఎందుకు చివర్న

కినిగె అనే వెబ్‌సైటు 2010లో తెలుగు ఈబుక్స్ మొదలుపెట్టినప్పుడు, ఇక అమెరికాలో ఉన్న తెలుగువాళ్లంతా మన పుస్తకాలే కొంటారని ఆశపడ్డాం. కొంత జరిగింది. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, తెలుగు రాలేదు. చిన్న సంస్థలకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలున్నాయి. మీరు మొదలుపెట్టే రోజున ఏ వేదిక తెలుగు తీసుకుంటోందో చూసుకోండి.

పన్ను కూడా తేడా. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 2018 జూలై నుంచి, అచ్చులో ఉన్న పుస్తకానికి ఈబుక్ అయితే 5 శాతం, అచ్చులో లేనిదైతే 18 శాతం. కాబట్టి ఈబుక్ ఒక్కటే తేవడం కంటే కనీసం యాభై కాపీలు అచ్చు వేయడం మేలు. పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో తిరుగుతుందన్న భయం వల్ల ఆగకండి, మీ పుస్తకానికి గిరాకీ ఉంటే ఎవరో ఇప్పటికే స్కాన్ చేసి ఉంటారు. యూనికోడ్ ఫైలు సిద్ధంగా ఉంటే ఈబుక్‌కు అదనంగా పడేది కొద్ది రోజుల పని, అందుకే చివర్న అన్నాను.

ప్రతిలిపి లాంటి సీరియల్ వేదికల సంగతి వేరు. 2021లో విపుల, చతుర మాసపత్రికలు ఆగిపోయాక, వారపత్రికలు పల్చబడ్డాక, రోజుకో భాగం చదివే పాఠకులు అటు వెళ్లారు. అది రచయితకు బడి లాంటిది, ప్రచురణకర్తకు కొత్త రచయితలను వెతుక్కునే చోటు. మీ పాత పుస్తకాలు అక్కడ పోసి లాభం లేదు.

ఆడియో: గొంతు ఎవరిది

ఆడియోను ఈబుక్ కంటే ముందు పెట్టడానికి కారణం హైదరాబాద్ ట్రాఫిక్. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లేవాడికి చేతిలో పుస్తకం పట్టుకునే వీలుండదు, చెవి ఖాళీగా ఉంటుంది. దాసుభాషితం లాంటి తెలుగు యాప్ ఉంది, పెద్ద కంపెనీల యాప్‌లూ తెలుగు తీసుకుంటున్నాయి. 160 పేజీల పుస్తకం చదివితే అయిదారు గంటల ఆడియో వస్తుంది. స్టూడియో, చదివే మనిషి, ఎడిటింగ్ ఖర్చు మీరే పెట్టుకోవాలా, హక్కులిచ్చి వాళ్లతో చేయించాలా అన్నది ఎంపిక. చిన్న సంస్థ మొదటి రెండు మూడింటికి హక్కులు ఇవ్వడమే మంచిది, కాలపరిమితి పెట్టి. రేడియో, డబ్బింగ్ అనుభవం ఉన్న గొంతులు ఈ ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి, కాబట్టి నాలుగో పుస్తకం నాటికి సొంతంగా చేయడం కష్టం కాదు.

ఏఐ గొంతు చౌక కదా అని అడుగుతారు. వ్యాసాలకు, వ్యక్తిత్వ వికాసానికి నడుస్తుందేమో. కథకు వద్దంటాను. మనం ‘చాప’లో చకారాన్నీ ‘చేప’లో చకారాన్నీ ఒకే అక్షరంతో రాస్తాం, రెండు రకాలుగా పలుకుతాం. ‘జల్లెడ’, ‘జలం’ కూడా అంతే. మిషను ఒక్కోసారి సరిగ్గా పలుకుతుంది, ఒక్కోసారి ‘చుక్క’ను పట్నం వచ్చిన పరాయివాడిలా పలుకుతుంది. తెలంగాణ యాసలో సాగే సంభాషణలైతే ఇక చెప్పక్కర్లేదు. వినేవాడు మొదటి పది నిమిషాల్లోనే ఆపేస్తాడు.

ఏఐ విషయంలో మిగతా నా లెక్క ఇది: ఓసీఆర్‌కు, అచ్చుతప్పుల మొదటి వడపోతకు, అట్ట వెనక మాటల చిత్తుప్రతికి వాడుకోండి. అనువాదానికి వాడితే అనువాదకుడికి ఆ సంగతి చెప్పి, దిద్దుబాటు కూలి కాకుండా అనువాదం కూలే ఇవ్వండి, ఎందుకంటే దిద్దడానికి పట్టే శ్రమ తక్కువేం కాదు. ముఖచిత్రానికి మాత్రం వద్దు. బాపు, చంద్ర, మోహన్ అట్టలు గీసిన భాష ఇది. నున్నగా మెరిసే మిషను బొమ్మను పుస్తక ప్రదర్శనలో పాఠకుడు రెండు గజాల దూరం నుంచే గుర్తుపడుతున్నాడు.

పగ్గాలు ఎవరికి

అసలు చిక్కు ఇక్కడే. మార్పు నడిపించేందుకు సాధారణంగా మూడు రకాల ఏర్పాట్లు చూస్తాం. పెద్దాయనే అన్నీ చూడటం, సోషల్ మీడియా తెలిసిన కుర్రాణ్ణో అమ్మాయినో పెట్టుకోవడం, బయటి ఏజెన్సీకి ఒప్పజెప్పడం.

పెద్దాయనకు రచయితలు తెలుసు, షాపులు తెలుసు, ఎవరు బాకీ ఎగ్గొడతారో తెలుసు. కానీ వాట్సాప్ ఆర్డర్లన్నీ ఆయన చొక్కా జేబులో ఉన్న ఫోనుకే వస్తాయి. ఆయన మధ్యాహ్నం పడుకుంటే సంస్థ పడుకుంటుంది. కొత్తగా చేరిన వాళ్లకు ఫోను తెలుసు, పుస్తకం తెలియదు. పైగా ప్రతి పోస్టుకూ పెద్దాయన అనుమతి కావాలంటే ఆర్నెల్లలో వేరే ఉద్యోగం చూసుకుంటారు. ఏజెన్సీ వేగంగా వెబ్‌సైటు కట్టిస్తుంది, కానీ డొమైన్ పేరు, అమ్మకందారు ఖాతా, పాస్‌వర్డ్‌లు వాళ్ల పేరున ఉండిపోతాయి. మనస్పర్థలు వచ్చిన రోజు మీ సంస్థ పేరు మీరే కొనుక్కోవాల్సి వస్తుంది. ఏజెన్సీకి ఇచ్చినా సరే, ఈ మూడూ సంస్థ పేరు మీద, సంస్థ ఈమెయిల్ మీద ఉండాలి. ఇందులో బేరం లేదు.

నేనైతే నాలుగో దారి అంటాను. ఇరవై ఏళ్లుగా మీ దగ్గర పేజీలు కడుతున్న డీటీపీ ఆపరేటరునో, ప్రూఫ్ రీడరునో ఈ పనికి పెద్దను చేయండి. ఏ పుస్తకం ఏ ఫైల్లో ఉందో, ఏ ముద్రణలో ఏ తప్పు దిద్దామో వాళ్లకే తెలుసు. యూనికోడ్ అంటే వాళ్లకు ముందు భయం ఉంటుంది, తమ పని పోతుందని. ఆ భయం ముందు తీర్చండి, జీతం పెంచి, హోదా మార్చి చెప్పండి. పక్కన కొత్త కుర్రాళ్లను ఒకరిద్దరిని పెట్టండి. కీబోర్డు మారడానికి రెండు మూడు నెలలు పని నెమ్మదిస్తుంది, ఆ నెలల్లో కొత్త పుస్తకాల గడువులు పెట్టుకోకండి. డిసెంబరు ప్రదర్శన లక్ష్యమైతే ఈ పని వేసవిలో మొదలవ్వాలి.

పెద్దాయన ఏం చేయాలి? వారానికో గంట కూర్చుని, ఏది ఆపాలో చెప్పాలి. ఖర్చుకు ఒక హద్దు, ప్రయోగానికి ఒక గడువు పెట్టి ఆ లోపల జోక్యం చేసుకోకూడదు. మిగతా సమయం పాఠకుడు ఎక్కడున్నాడో వెతకాలి. తెలుగు ప్రచురణలో పేరు నిలిచినవాళ్లంతా చేసింది అదే. ఎమెస్కో శేషాచలం చౌక పాకెట్ పుస్తకాలను చందాదారుల ఇళ్లకు పంపారు. విశాలాంధ్ర పుస్తకాలను వ్యానులో ఊళ్లకు తీసుకెళ్లింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తక్కువ వెలకు అనువాదాలు ఇచ్చింది. ఇప్పుడు అన్వీక్షికి, ఛాయ లాంటి కొత్త సంస్థలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పాఠకులను వెతుక్కుంటున్నాయి. వీళ్లలో ఎవరి దగ్గరా ఇతరులకు దొరకని మిషను లేదు.

ఒప్పందం కాగితం

చివరిగా, పాత ఒప్పందాలు తీయండి. చాలావాటిలో ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది, కొన్నిటికి కాగితమే ఉండదు. దాని మీద ఆధారపడి ఆడియో అమ్మేయకండి. కాపీరైట్ చట్టానికి 2012లో తెచ్చిన సవరణ ప్రకారం, ఒప్పందం రాసుకున్న నాటికి లేని, లేదా వ్యాపారంలో వాడుకలో లేని మాధ్యమానికి ఆ హక్కు వర్తించదు, ప్రత్యేకంగా పేరు పెట్టి రాసుంటే తప్ప. 1988 నాటి కాగితంతో ఈబుక్, యాప్ హక్కులు మీవేనని వాదించడం కష్టం. 1994 సవరణ అమల్లోకి వచ్చాక రాసుకున్న ఒప్పందాల్లో హక్కులు ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం అయిదేళ్లనే అనుకుంటుంది.

కొత్త ఒప్పందాల్లో అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, ఏఐ శిక్షణ అని వేర్వేరుగా రాయండి, ఒక్కోదానికి వాటా, గడువు విడివిడిగా. ఏఐ శిక్షణకు రచయితను అడగకుండా సరే అనకండి. 2024లో హార్పర్‌కాలిన్స్ తన పాత పుస్తకాలు కొన్నిటిని ఏఐ శిక్షణకు ఇచ్చే ఒప్పందం చేసుకున్నప్పుడు కూడా రచయితలను విడివిడిగా అడిగింది, వద్దన్నవాళ్లను వదిలేసింది. మన దగ్గరకు అలాంటి బేరం ఇంకా రాకపోవచ్చు, వచ్చిన రోజున సిద్ధంగా ఉండాలి.

రచయిత లేకపోతే వారసులను అడగాలి. చనిపోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. 1960లో పోయిన రచయిత రచనలు 2021 జనవరి 1 నుంచే అందరివీ అయ్యాయి. మీ పదిహేను పుస్తకాల జాబితాలో ఎవరి వారసులు ఎక్కడున్నారో రాసుకోండి. ముగ్గురుంటే ముగ్గురి సంతకాలూ కావాలి. ఇద్దరు ఇక్కడే ఉండి మూడో ఆయన డల్లాస్‌లో ఉంటే, ఆ ఉత్తరం ఫైళ్ల పని మొదలయ్యే వారంలోనే పంపండి.